సై5 ఎరుపు కనబడుతోంది, జీఎఫ్‌పీ పచ్చ రావడం లేదు: ఎంఆర్ఎన్ఏ ఏమైపోతోంది?

పీహెచ్‌డీ_మొదటేడు:
పచ్చగా మెరిసే జీఎఫ్‌పీ ప్రోటీన్ తయారీకి సూచనలిచ్చే ఎంఆర్ఎన్ఏను హీలా కణాల్లోకి (ల్యాబ్‌లో పెంచే మానవ కణాలు) పంపాను. ఎక్కడికెళ్తుందో చూద్దామని తయారీలో సగం యూటీపీ (ఆర్ఎన్ఏను కట్టే నాలుగు రకాల ముక్కల్లో ఒకటి) బదులు సై5 అనే ఎర్రగా మెరిసే రంగు తగిలించిన సై5-యూటీపీ వేశాను. మర్నాడు చూస్తే కేంద్రకం చుట్టూ ఎర్రటి చుక్కలు మెరుస్తున్నాయి, పచ్చరంగు జాడే లేదు. రంగు కలపని కంట్రోల్‌లో మాత్రం పచ్చగా వచ్చింది. వచ్చేవారం రివ్యూ, ఒకటే టెన్షన్.

ఆర్ఎన్ఏ_బెంచ్:
చెల్లీ, కంట్రోల్ పచ్చగా వచ్చిందంటే కణాలూ, ఎంఆర్ఎన్ఏను లోపలికి మోసే లిపిడూ బాగున్నట్టే. అడ్డుపడుతున్నది రంగే అనుకుంటున్నా. సై5 బాగా పెద్ద అణువు. కోడింగ్ భాగం (ప్రోటీన్ సూచనలుండే భాగం) పొడవునా అవి వేలాడుతుంటే, దాన్ని చదివి ప్రోటీన్ తయారుచేసే రైబోజోమ్ ముందుకు సాగదు. బయట అమ్మే సై5 ఎంఆర్ఎన్ఏల్లో కూడా సాధారణంగా ఒక వంతు సై5-యూటీపీకి మూడు వంతులు 5-మిథాక్సీ-యూటీపీ (రంగు లేని, చిన్న మార్పు మాత్రమే ఉన్న యూటీపీ) వాడతారు.

నేనైతే రంగును తోకకే తగిలిస్తాను. పాలీ(ఏ) పాలిమరేజ్ అనే ఎంజైమ్‌తో చివర్లో అజైడ్ ఉన్న ఏటీపీని (ఆర్ఎన్ఏ ముక్కల్లో మరొకటి) చేర్చి, దానికి డీబీసీఓ-సై5 కలిపితే చాలు. డీబీసీఓ తనంతట తానే అజైడ్‌కు అతుక్కుంటుంది, ఉత్ప్రేరకంగా రాగి అక్కర్లేదు. కోడింగ్ భాగం జోలికే వెళ్లం.

ఇంకో మాట. ఆ మెరిసే చుక్కల్ని విజయం అనుకోకు. అవి చాలావరకు ఎండోజోముల్లో (కణం బయటివాటిని లోపలికి లాక్కునే చిన్న సంచులు) చిక్కుకున్న ఎంఆర్ఎన్ఏ. తప్పించుకుని సైటోప్లాజంలోకి వచ్చేది కొంచెమే, ప్రోటీన్ తయారయ్యేది దాన్నుంచే. ఆమ్లగుణమున్న అలాంటి సంచులకు రంగు వేసే లైసోట్రాకర్ వేసి చూడు, ఎరుపు దాని మీదే పడితే సంగతి తేలిపోతుంది.

వ్యాక్సిన్_గది:
అలాగని మార్పులన్నీ చెడ్డవేం కాదు. యూరిడిన్ (యూటీపీ నుంచి ఆర్ఎన్ఏలోకి చేరే ముక్క) బదులు దాని మారు రూపమైన సూడోయూరిడిన్ పెడితే కణం రోగనిరోధక అలారం మోగించదని శాస్త్రవేత్తలు కరికో, వైస్‌మన్ 2005లోనే చూపించారు. ఫైజర్, మోడర్నా కోవిడ్ టీకాల్లో యూరిడిన్ స్థానమంతా ఎన్1-మిథైల్‌సూడోయూరిడినే. చిన్న మిథైల్ గనక రైబోజోమ్‌కు పెద్ద ఇబ్బంది లేదు.

పీహెచ్‌డీ_మొదటేడు:
థ్యాంక్స్ అక్కా, తోక పద్ధతే చేస్తాను. ప్రోటీన్ తయారీ ఎప్పుడు మొదలవ్వాలో కూడా మనం చెప్పొచ్చా?

ఆర్ఎన్ఏ_బెంచ్:
చెప్పొచ్చు, దానికి క్యాప్ (ఎంఆర్ఎన్ఏ ముందు కొసన ఉండే టోపీ లాంటి భాగం) దగ్గర చెయ్యి పెట్టాలి. రెంట్‌మైస్టర్ బృందం జర్మనీలోని మున్‌స్టర్‌లో ఉన్నప్పుడు ఫ్లాష్‌క్యాప్ చేసింది. క్యాప్‌కు వెలుతురుతో ఊడిపోయే రసాయన గుంపు ఒకటి తగిలిస్తారు. అది ఉన్నంతసేపు, తయారీ మొదలుపెట్టించే ఈఐఎఫ్4ఈ అనే ప్రోటీన్ క్యాప్‌ను పట్టుకోలేదు. వెలుతురు పడగానే గుంపు ఊడి మామూలు క్యాప్ మిగులుతుంది, తయారీ మొదలవుతుంది. నాకు భలే ఇష్టమైన పని ఇది. నువ్వు చేస్తే మాత్రం మామూలు క్యాప్ ఉన్న ఎంఆర్ఎన్ఏ మీద కూడా అదే వెలుతురు వేసి చూడు, కణాల మీద దాని ప్రభావమెంతో విడిగా తెలుస్తుంది.