ఏ549 కణాలపై ఎంటీటీ ఫలితం వారానికొకలా వస్తోంది

మడతీరం, కాకినాడ:
కోరంగి మడచెట్ల ఆకుల సారాన్ని ఏ549 ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలపై పరీక్షిస్తున్నానండి. బతికున్న కణాలు పసుపు ఎంటీటీని ఊదారంగుగా మారుస్తాయి కనుక, ఆ రంగును బట్టి ఎన్ని బతికాయో లెక్కిస్తున్నాను. అదే మోతాదుకు ఒక వారం సగం కణాలు చచ్చినట్టు, మరుసటి వారం ఏమీ కానట్టు లెక్క తేలుతోంది. కణాల ఫ్లాస్కు పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం (ఎన్‌సీసీఎస్) నుంచి తెప్పించినది కాదు, పక్క ప్రయోగశాలవారు ఇచ్చినది. లోపం ఎక్కడ వెతకాలో పెద్దలు చెప్పగలరు.

పాత ఇంక్యుబేటర్, భీమవరం:
చేతులు మారిన ఫ్లాస్కు అంటున్నారు కనుక ముందు మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా చేరిందేమో చూడండమ్మా. దానికి కణకవచం లేదు కాబట్టి మీడియంలో కలిపే పెన్సిలిన్ దాన్ని ఏమీ చేయదు. మీడియం మబ్బు పట్టదు, మామూలు మైక్రోస్కోపులో అది కనబడదు, అయినా కణాల పెరుగుదలనూ ఎంటీటీ రంగునూ రెండింటినీ తారుమారు చేయగలదు. నేను ఎనిమిది నెలల లెక్కలు ఈ కారణంగానే పారేశాను, ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. పీసీఆర్‌కు (దాని డీఎన్‌ఏను పెంచి పట్టే పరీక్షకు) వీలు లేకపోతే డీఎన్‌ఏకు అంటే మెరుపు రంగు వేసి, కేంద్రకం వెలుపల చుక్కలు మెరుస్తున్నాయేమో చూడవచ్చు. కణాలు ఎవరివో డీఎన్‌ఏతో గుర్తించే ఎస్‌టీఆర్ పరీక్ష కూడా చేయించండి: 1972లో 58 ఏళ్ల వ్యక్తి కణితి నుంచి మొదలైన ఏ549కు డీఎన్‌ఏ గుర్తులు నమోదై ఉన్నాయి, మీ కణాలవి వాటితో సరిపోలాలి. హీలా అనే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాలు ఇతర ఫ్లాస్కుల్లో చొరబడిన సంగతి 1960ల నుంచీ తెలిసినదే.

కొబ్బరాకు, అమలాపురం:
గురువుగారి మాట నిజమే కానీ, నా అనుమానం సారం మీద. ఆకుల్లోని పాలీఫినాల్స్ అనే రసాయనాలు, కణాలు లేకుండానే పసుపు ఎంటీటీని ఊదారంగుగా మార్చగలవు. అప్పుడు చచ్చిన కణాలు కూడా బతికున్నట్టే లెక్కకు వస్తాయి. ప్లేటులో కణాలు వేయని గుంటల్లో సారం, ఎంటీటీ మాత్రమే పోసి చూడండి. చచ్చిన కణాలకే పట్టే ట్రిపాన్ బ్లూ రంగు వేసి కణాలను విడిగా లెక్కించండి.

లంకవాసి, రాజమండ్రి:
హెచ్1299 అనే మరో రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలు కూడా పెట్టుకోండి. ఏ549లో పీ53 అనే, కణితులను అడ్డుకునే ప్రోటీన్ మామూలుగానే ఉంటుంది, హెచ్1299లో అసలు ఉండదు. సారం పనికి పీ53 అవసరమో కాదో కొంత తెలుస్తుంది.

మడతీరం, కాకినాడ:
కణాలు లేని గుంటలు కూడా ఊదారంగుకు తిరిగాయండి. నోటుబుక్కు తిరగేస్తే, ఎంటీటీ వేసే ముందు సారం తీసేసి కడిగిన వారాల్లోనే కణాలు చచ్చినట్టు ఉంది, కడగని వారాల్లో ఏమీ కానట్టు ఉంది. మైకోప్లాస్మా పరీక్షకు నమూనా పంపాను. అది వచ్చేదాకా కొత్త ప్లేటు పెట్టడం లేదు.