38 ఏళ్లుగా నా దగ్గరున్న కట్లస్ కారు అమ్ముతున్నా: ఎక్కువిచ్చేవాడికా, ఉన్నదున్నట్టు ఉంచుకునేవాడికా?

లాన్సింగ్_మూర్తి:
అందరికీ నమస్కారం. నా దగ్గర 1972 ఓల్డ్స్‌మొబైల్ కట్లస్ సుప్రీమ్ ఉంది, రెండు తలుపులది. రాకెట్ 350 వీ8 ఇంజిన్, నాలుగు బ్యారెళ్ల కార్బొరేటర్, ఆటోమేటిక్ గేరు. ముదురు ఆకుపచ్చ రంగు, పైన నల్ల వినైల్ టాప్. తయారైంది లాన్సింగ్‌లోనే, నేను కొన్నదీ లాన్సింగ్‌లోనే. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ అయ్యాక, 1987లో, మొదటి ఓనరైన ఒక పెద్దావిడ దగ్గర 1,400 డాలర్లకు తీసుకున్నా. అప్పటికి అది క్లాసిక్ ఏమీ కాదు, పాత కారు అంతే. కొత్తది కొనే స్తోమత లేక కొన్నా.

1990 నుంచి, చలికాలం మంచు కరగడానికి ఉప్పు చల్లిన రోడ్డు ఎక్కించలేదు. నవంబర్‌లో గరాజ్‌లోకి వెళ్తే మళ్లీ ఏప్రిల్‌లోనే బయటికి. పెయింట్ ఫ్యాక్టరీదే. చలికి హుడ్ (బానెట్) మీద వెంట్రుకల్లాంటి పగుళ్లొచ్చాయి, అయినా ముట్టుకోలేదు. వెనక అద్దం కింది మూలల్లో ఈ బండ్లకు తుప్పు పట్టడం మామూలే. దీనికి ఎడమ మూలన రూపాయి బిళ్లంత ఉంది. దాచేదేం లేదు.

ఇప్పుడు రెండు బేరాలు వచ్చాయి. ఒహాయోలో ఒక షాపువాళ్లు 24,000 ఇస్తామన్నారు. వాళ్లు దీన్ని రెస్టోమాడ్ చేస్తారు. అంటే రాకెట్ ఇంజిన్ తీసేసి కొత్త తరం ఎల్‌ఎస్ ఇంజిన్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, 18 అంగుళాల వీల్స్, కొత్త పెయింట్. రెండోవాడు మా మూడో వీధి కుర్రాడు. 23 ఏళ్లు, మెకానిక్ పని నేర్చుకుంటున్నాడు. 15,000 దాకా తేగలనన్నాడు, బండి మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంచుతాడట. మీరైతే ఏం చేస్తారు?

తెనాలి_టు_ట్రాయ్:
24 అంటే 24 మాస్టారూ. 9 వేలు చెట్లకు కాయవు.

గ్యారేజ్_బాబాయ్:
మూర్తి గారూ, ఆ షాపువాళ్ల ఫోన్ ఎత్తకండి. ఓల్డ్స్‌మొబైల్ అనేది 1897లో పుట్టి 2004లో మూతపడిన పేరు. ఇక కొత్తవి రావు, ఉన్నవాటిలో సగం ఇలా కోతకు పోయాయి. అసలు 350 అనగానే చాలామంది షెవర్లే 350 అనుకుంటారు. రెండూ జనరల్ మోటార్స్‌వే, సైజూ ఒకటే, కానీ ఇంజిన్ పూర్తిగా వేరు. హుడ్ ఎత్తితే చాలు, ఓల్డ్స్ ఇంజిన్‌కి ఆయిల్ పోసే గొట్టం ముందువైపు నిటారుగా నిలబడి ఉంటుంది. దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. దాన్ని పీకి ఎల్‌ఎస్ పెట్టడమంటే, తాతగారి పెంకుటింటి గడప మాత్రం మిగిల్చి వెనకాల అపార్ట్‌మెంట్ కట్టడమే. కుర్రాడికే ఇవ్వండి. 9 వేలు ఇవాళ కాకపోతే రేపు సంపాదించుకోవచ్చు.

ఫ్లింట్_వాసు:
ఇది కట్లస్‌లో స్పీడు రకం, ఆ 442నా అన్నా? అయితే 24 చాలా తక్కువ.

లాన్సింగ్_మూర్తి:
కాదు వాసూ. 1972 నాటికి 442 విడి మోడల్ కూడా కాదు, ఒక ఆప్షన్ ప్యాకేజీ. నాది మామూలు సుప్రీమ్.

క్వాడ్రాజెట్:
అందరూ ఎవరికివ్వాలని అడుగుతున్నారు, అసలు బండి ఏంటో ఎవరూ అడగలేదు. మూర్తి గారూ, ఓడోమీటర్ ఎంత చూపిస్తోంది? ఆ కాలం బండ్లకు అయిదంకెలే. 99,999 దాటితే మళ్లీ సున్నా. ఇప్పుడు 60 వేలు అని ఉంటే 60 కావచ్చు, లక్షా 60 కావచ్చు. టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద మైళ్ల సంగతి రాయాల్సిన అవసరం కూడా ఇంత పాత బండికి లేదు. మరి "బాగా కాపాడిన బండి" అని దేన్ని చూసి అంటున్నారు?

లాన్సింగ్_మూర్తి:
61,370. నేను కొన్నప్పుడు 38,240. అమ్మినావిడ అసలు మైళ్లే అని చెప్పింది. బ్రేక్ పెడల్ రబ్బరు ఇంకా మొదటిదే, గీతలు కూడా అరగలేదు. డ్రైవర్ వైపు తలుపు అంచున 1979 నాటి ఆయిల్ మార్పిడి స్టిక్కర్ ఉంది, 22,614 అని.

క్వాడ్రాజెట్:
పెడల్ రబ్బరు ఎక్కడైనా కొత్తది దొరుకుతుంది. 1979 స్టిక్కర్‌తో ఏం తేలుతుంది? ఏడేళ్లలో లక్షా 22 వేలు తిరిగిన బండ్లు కావలసినన్ని ఉన్నాయి. మొదటి రెండు మూడేళ్ల కాగితం ఏదైనా ఉంటే చెప్పండి. లేదంటే ప్రకటనలో "మైళ్లు తెలియవు" అని రాయండి.

పద్మజ_నోవై:
ఒక మాట. 1,400కి కొని 24,000కి అమ్మితే ఆ లాభం మీద పన్ను ఉంటుంది. సొంతంగా వాడుకున్న కారు నష్టానికి అమ్మితే మాత్రం ఏమీ మినహాయించుకోలేం. అదే పిల్లలకు వారసత్వంగా వెళ్తే, అప్పటి మార్కెట్ ధరే వాళ్లు కొన్న ధర కింద లెక్క. కాబట్టి తొందరేం లేకపోతే అమ్మకుండా ఉంచడం కూడా ఒక దారే.

తెనాలి_టు_ట్రాయ్:
పన్ను మిగలాలంటే ఆయన పోవాలంటారా మేడం 😀

పద్మజ_నోవై:
రామ రామ, నేనలా అనలేదు!

నిజాంపేట్_నవీన్:
అన్నా, హైదరాబాద్ పంపించెయ్. 2021లో సెంట్రల్ గవర్నమెంట్ 50 ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ పెట్టింది, ప్లేటు మీద వీఏ అని వస్తది. ఇక్కడ మస్తు క్రేజ్.

లాన్సింగ్_మూర్తి:
ఎడమ స్టీరింగ్ బండేసుకుని కూకట్‌పల్లిలో లారీని ఓవర్‌టేక్ చేయమంటావా నవీన్? ఆ నంబరుతో రోజువారీ తిరగనివ్వరు కూడా. ఓడ ఖర్చు, కస్టమ్స్ కట్టేలోపు ఇంకో కట్లస్ వస్తుంది.

గ్యారేజ్_బాబాయ్:
క్వాడ్రాజెట్ గారు ఓడోమీటర్ పట్టుకుని వేలాడుతున్నారు. షాపువాడు ఎలాగూ ఇంజినే పీకేస్తాడు, వాడికి మైళ్లతో పనేముంది? మైళ్లు కావాల్సింది బండిని బండిలా చూసేవాడికి. అంటే ఆ కుర్రాడికి. ఆ కుర్రాడు అడగట్లేదు, మీరే అడుగుతున్నారు.

క్వాడ్రాజెట్:
కుర్రాడు అడగట్లేదంటేనే నాకు అనుమానం బాబాయ్. నా కథ చెప్తా వినండి. నా దగ్గర 1970 షెవర్లే షెవెల్ ఉండేది, 22 ఏళ్లు ఉంచుకున్నా. 2016లో మనవాడే ఒకడు వచ్చాడు. ఇంటికొచ్చి కాఫీ తాగాడు, "అంకుల్, ఇది మా నాన్న కలల కారు, ప్రాణం పోయినా అమ్మను" అన్నాడు. మార్కెట్ కంటే 8 వేలు తక్కువకిచ్చా. ఓడోమీటర్ ఒకసారి తిరిగిందని నా నోటితో నేనే చెప్పా. మూడు నెలలు తిరక్కుండా అదే బండి ఆన్‌లైన్ వేలంలో కనపడింది. ఫొటోలో వెనకాల మా ఇంటి డ్రైవ్‌వే! నేను పంపిన ఫొటోలే వాడాడు. కింద "అసలు మైళ్లు 51 వేలు, ఒకే కుటుంబం దగ్గర పెరిగిన బండి" అని రాశాడు. నా కుటుంబం అన్నమాట. అందుకే మైళ్లు అడుగుతున్నా. మీరు చెప్పకుండా వదిలేసింది మీ తర్వాతివాడు మీ పేరు మీద చెప్తాడు.

గ్యారేజ్_బాబాయ్:
ఒకడు మోసం చేశాడని లోకమంతా దొంగలేనా? మీకు జరిగింది బాధాకరమే. కానీ దానికి మందు ప్రతి బండినీ ఎక్కువిచ్చేవాడికి వదిలేయడం కాదు. డబ్బు మొహం చూసేవాళ్లకు డబ్బు మొహమే కనిపిస్తుంది.

క్వాడ్రాజెట్:
డబ్బు మొహమా? 8 వేలు వదులుకున్నది నేను. మీ గరాజ్‌లో పదేళ్లుగా టార్పాలిన్ కింద కుళ్లుతున్న బ్యూయిక్ సంగతి ఈ వేదికలో అందరికీ తెలుసు. కోయనివ్వరు, అమ్మరు, నడపరు. దాన్ని కాపాడటం అంటారా? షాపువాడు కోసినా సరే, ఆ బండి రోడ్డు మీద తిరుగుతుంది. ఎండాకాలం పిల్లలు చూసి చెయ్యూపుతారు. మీ బ్యూయిక్‌కి ఎలుకలు చెయ్యూపుతున్నాయి.

గ్యారేజ్_బాబాయ్:
నా బ్యూయిక్ జోలికి రావద్దు.

తెనాలి_టు_ట్రాయ్:
పాప్‌కార్న్ 🍿

ఫ్లింట్_వాసు:
ఇద్దరూ కాస్త ఆగండి సార్. మూర్తి అన్న మాట్లాడట్లేదు.

లాన్సింగ్_మూర్తి:
మాట్లాడతాను. అందరూ ధర, మైళ్లు, ఇంజిన్ అంటున్నారు. అసలు ఎందుకు అమ్ముతున్నానో ఒక్కరూ అడగలేదు. చెప్పకపోవడం నా తప్పే.

నాకు పదకొండేళ్లుగా షుగర్. రెండేళ్ల నుంచి కుడి పాదం తిమ్మిరి. ఇందులో నాలుగూ డ్రమ్ బ్రేకులే. కొత్త కారులా తాకగానే ఆగదు, పాదంతో ఎంత నొక్కుతున్నామో తెలుస్తూ ఉండాలి. మొన్న ఆగస్టులో, వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల ఊరేగింపు నుంచి తిరిగొస్తుంటే, రెడ్ సిగ్నల్ దగ్గర పడాల్సినంత బలం పడలేదు. నాకు తెలియనే లేదు. బండి మెల్లగా గీత దాటి మనుషులు నడిచే దారిలోకి వెళ్లి ఆగింది. అక్కడ ఎవరూ లేరు. ఆ మాట ఎంత తేలిగ్గా రాశానో చూడండి. ఎవరూ లేరు, అంతే.

ఇంటికి రాగానే తాళాలు మా అబ్బాయికి ఇచ్చా. వాడు అడగలేదు. వాడికి ఈ కారు అక్కర్లేదు, కాలిఫోర్నియాలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు. "నాన్నా, ఎవరికైనా ఇచ్చెయ్, నువ్వు మాత్రం నడపొద్దు" అన్నాడు.

కుర్రాడికి ఇవ్వాలని ఎందుకనిపిస్తోందంటే, వాడు మూడో వీధిలోనే ఉంటాడు. దీనికున్నది పాత బండ్లకిచ్చే హిస్టారిక్ నంబర్ ప్లేటు. షోలకు, పరేడ్‌లకు తప్ప మిగతా రోజుల్లో మామూలుగా తిప్పకూడదు, ఒక్క ఆగస్టు నెలంతా తిప్పుకోవచ్చు. ఆగస్టులో ఒక శనివారం వచ్చి నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుంటాడేమో అని.

క్వాడ్రాజెట్:
సరే. ఇప్పుడు అసలు మాటకొచ్చాం. అంటే మీరు కుర్రాడికి 9 వేలు తగ్గిస్తున్నది బండి ఉన్నట్టే ఉండాలని కాదు, పక్క సీటు కోసం. తప్పని అనను. కానీ ఆ మాట వాడికి చెప్పారా? 23 ఏళ్లవాడు. రేపు పెళ్లవుతుంది, టెక్సస్‌లో ఉద్యోగం వస్తుంది. అప్పుడు మీకు వాడు కూడా నా షెవెల్ గాడిలాగే కనిపిస్తాడు, వాడేం మోసం చేయకపోయినా.

పద్మజ_నోవై:
నాకూ అదే అనిపించింది మూర్తి గారూ, ఏమీ అనుకోకండి. తగ్గించిన డబ్బు వాడి మీద అప్పులా కూర్చుంటుంది. మా నాన్నగారు గుడివాడలో ఇల్లు తెలిసినవాళ్లకు తక్కువకు అమ్మారు, మామిడి చెట్టు కొట్టొద్దు అన్న మాట మీద. వాళ్లు కొట్టేశారు. నాన్న ఆ వీధిలో నడవడం మానేశారు. పాపం వాళ్లకు కారు పెట్టుకోను చోటు లేక కొట్టారు.

గ్యారేజ్_బాబాయ్:
కాగితం రాసుకోండి. మళ్లీ అమ్మాలనుకుంటే మొదట మూర్తి గారికే చెప్పాలి, అదే ధరకు అని. నేనైతే రాయించుకుంటా.

క్వాడ్రాజెట్:
కాగితం రాయించుకుని, తిరిగి కొని ఏం చేస్తారు బాబాయ్? ఆయన నడపలేనని చెప్తుంటే. అమ్మాక అది మన కారు కాదు. ఇది ఒప్పుకోలేనివాళ్లు అమ్మకూడదు, అద్దెకివ్వాలి.

గ్యారేజ్_బాబాయ్:
నేనూ అందుకేగా బ్యూయిక్ అమ్మనిది.

ఫ్లింట్_వాసు:
మూర్తి అన్నా, ఎవరికిచ్చినా సరే, డబ్బు మాత్రం కొనేవాడి బ్యాంకులో కౌంటర్ దగ్గరే తీసుకోండి. క్యాషియర్ చెక్కులు కూడా దొంగవి తెస్తున్నారు. తర్వాత ఇద్దరూ కలిసి బండ్ల రిజిస్ట్రేషన్ చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసుకెళ్లి టైటిల్ మార్పించండి. ప్లేటు విప్పి మీరే ఉంచుకోండి, మన మిషిగన్‌లో ప్లేటు బండితో పోదు.

లాన్సింగ్_మూర్తి:
ప్లేటు నాకే మిగులుతుందని మర్చేపోయా వాసూ.

కుర్రాడితో నిన్న మాట్లాడా. పక్క సీటు సంగతి అడిగేశా, దాచకుండా. "వస్తా అంకుల్, కానీ ప్రతి ఏడాదీ అని మాటివ్వలేను, 24 అయితే కొనలేను కూడా" అన్నాడు. నాకు ఆ జవాబు నచ్చింది. ఇంకా ఏ ధరా చెప్పలేదు. షాపువాళ్లకు శుక్రవారం దాకా టైమ్ అడిగా.

క్వాడ్రాజెట్ గారూ, మీకోసం ఇంకోటి. కుర్రాడు టార్చ్ వేసి తలుపు అంచు చూస్తూ, ఆ 1979 స్టిక్కర్ కింద ఇంకోటి ఉందన్నాడు. హెయిర్ డ్రైయర్‌తో వేడి చేసి, పాత క్రెడిట్ కార్డు అంచుతో పైది మెల్లగా లేపాడు. చిరగలేదు. కిందది పసుపు రంగుది, సగం చెరిగింది. 1974 మే, 7,912. 38 ఏళ్లలో నేనెప్పుడూ చూడలేదు.

క్వాడ్రాజెట్:
ఫొటో పెట్టండి.

క్వాడ్రాజెట్:
చూశా. రెండేళ్ల బండికి 7,912. తర్వాత ఐదేళ్లలో లక్ష అదనంగా తిరగాలంటే ఆ పెద్దావిడ టాక్సీ తోలి ఉండాలి. 61,370 అసలు మైళ్లే, ఒప్పుకుంటున్నా. రెండు స్టిక్కర్లూ టైటిల్‌తో పాటు కవర్‌లో పెట్టి ఇవ్వండి. మిగతాది ఒప్పుకోలేదు. కుర్రాణ్ని 18 అడగండి, 15కి ఒప్పుకోవద్దు.

గ్యారేజ్_బాబాయ్:
16.