రొట్టెల అంగడివాడు ‘అరిస్టోక్రాట్’ ఎలా అయ్యాడు?

ప్రశ్న:
ఫ్రెంచి విప్లవం మీద ఒక వ్యాసం అనువదిస్తున్నాను. అందులో జనం ఒక రొట్టెల అంగడివాణ్ణి ‘అరిస్టోక్రాట్’ అని తిట్టిపోస్తారు. నిఘంటువు చూస్తే కులీనుడు, ప్రభువంశీయుడు అని ఉంది. తెల్లవారుజామునే లేచి పిండి పిసుక్కునే మనిషికి ప్రభువంశం ఎక్కడిది? రెండు రోజులుగా ఆ వాక్యం దగ్గరే చతికిలబడ్డాను. వెటకారమా, అచ్చుతప్పా?

జవాబు 1:
రెండూ కాదు. ఆ రోజుల పారిస్‌లో ఆ తిట్టుకు పుట్టుకతో పని లేదు. కులీనుల పెత్తనం నిలవాలని కోరుకునేవాడు అని అర్థం. పిండి దాచాడన్న అనుమానం వస్తే చాలు, అంగడివాడూ ఆ జాబితాలో చేరిపోయేవాడు. కొత్త రాజ్యాంగానికి ప్రమాణం చేయనన్న మతగురువులకూ అదే పేరు పడింది. అటు చూస్తే విప్లవ నాయకుడు మిరాబో పుట్టుకతో కౌంట్, అంటే ప్రభువంశీయుడే. 1789లో సామాన్యుల వర్గం తరఫున ఎన్నికై సభకు వెళ్లాడు. 1790 జూన్‌లో వంశపారంపర్య హోదాలనే రద్దు చేశారు. హోదాలు పోయాయి గానీ తిట్టు మాత్రం ఇంకా పదునెక్కింది.

జవాబు 2:
మూలం గ్రీకు: ‘అరిస్టోస్’ అంటే అందరిలో ఉత్తముడు, ‘క్రాటోస్’ అంటే అధికారం. అరిస్టాటిల్ లెక్కలో ఉత్తములు అందరి మేలు కోసం పాలిస్తేనే అరిస్టోక్రసీ. ధనికులు తమ కోసం తాము పాలించుకుంటే అది ఆలిగార్కీ. అందులో వంశం ప్రసక్తే లేదు. మన ‘కులీన’ మాత్రం కులం, అంటే వంశం నుంచే పుట్టింది. మీ చిక్కంతా అక్కడే ఉంది. ప్రాచీన రోములోనూ సెనేటు (పెద్దల సభ) పెత్తనాన్ని సమర్థించినవాళ్లను ‘ఆప్టిమేట్స్’ అన్నారు. ‘ఆప్టిమస్’ అన్నా ఉత్తముడే. ఎవరి పక్షాన్ని వాళ్లు ఉత్తమమనుకోవడం పాత అలవాటే.

మళ్లీ ప్రశ్న అడిగినవారు:
బతికించారు! ‘కులీనుల పక్షపాతి’ అని రాశాను. నోటితో పలికి చూస్తే తిట్టులా లేదు, తీర్పులా ఉంది.

జవాబు 3:
గుంపు అరిచే మాట పొట్టిగా ఉండాలి. ‘దొరల మనిషి’ అనండి. పుట్టుక దొరలది కాదనీ, మనసు అటే ఉందనీ రెండూ పలుకుతాయి.

ప్రశ్న అడిగినవారు:
అదే పెట్టేశాను. తరువాతి పేరాలో నిజమైన ప్రభువొకడు వస్తున్నాడు, అతన్నీ ‘అరిస్టోక్రాట్’ అనే అంటున్నారు. మళ్లీ వస్తాను.