ఆశయాలకు "తిలోదకాలు": అర్థమేంటి, ఎక్కడ వాడాలి?

అనువాదకుడు:
కథలో ఒకడు సంఘం పెట్టి పోరాడతాడు, పదవి రాగానే అన్నీ పక్కన పెట్టేస్తాడు. "ఆదర్శాలను కోల్పోయాడు" అని రాస్తే పర్సు పోగొట్టుకున్నట్టుంది. పత్రికల్లో "తిలోదకాలిచ్చాడు" అంటుంటారు కదా, అది సరిపోతుందా? "నీళ్లొదిలాడు" అన్నా అదేనా?

పాతపంతులు:
సరిపోతుందండి. తిల అంటే నువ్వులు, ఉదకం నీళ్లు. గుణసంధి. పితృతర్పణంలో నల్లనువ్వులు కలిపిన నీళ్లను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి వదులుతారు. అవి పోయినవాళ్లకి. ఆశయాలకు తిలోదకాలిచ్చాడంటే బతికున్నవాటిని చచ్చినవాటి లెక్కలో వేశాడని. ఎత్తిపొడుపంతా అందులోనే ఉంది, "మానేశాడు" అంటే అది రాదు.

వదిలేసినదానికి కు/కి తగిలించాలి: "విలువలకు తిలోదకాలిచ్చాడు". "విలువలను తిలోదకాలిచ్చాడు" అన్నది తప్పు. మనసులో "వదిలేశాడు" అనుకుంటూ రాస్తే ఇలాగే అవుతుంది. ఈ అర్థంలో బహువచనమే వాడుక. "తిలోధకాలు" అని ఒత్తు పెట్టేవాళ్లూ ఉన్నారు. ఉదకానికి ఒత్తెక్కడిది!

ప్రూఫురీడర్:
"నీళ్లొదిలాడు" దాదాపు అదే, కాస్త నోటిమాట. కానీ "నీళ్లొదులుకున్నాడు" అని రాశారో, మొత్తం తిరగబడుతుంది. "ఆ అప్పుకి నీళ్లొదులుకోవాల్సిందే" అంటే డబ్బు ఇక రాదు, ఆశ పెట్టుకోకు అని. అక్కడ తప్పు ఎగ్గొట్టినవాడిది. ఒక్క "కొను" చేరితే దోషి కాస్తా నష్టపోయినవాడవుతాడు.

పాతపంతులు:
మంచి మాట. ఇంకో జాగ్రత్త: మనుషులకు వాడకండి. "తమ్ముడికి తిలోదకాలిచ్చాడు" అంటే తమ్ముడు పోయాడనుకుంటారు. చెడు అలవాటుకీ పొసగదు. సిగరెట్లకు "స్వస్తి చెప్పాడు" అనడమే మర్యాద, తిలోదకాలంటే వేళాకోళం.

అసలు మీవాడు కావాలని వదిలేశాడా, నమ్మకం చచ్చి వదిలేశాడా? రెండోదైతే ఈ మాట వాడికి అన్యాయం. "భ్రమలు తొలగిపోయాయి" అనండి. ఏళ్ల తరబడి ఒక్కో మెట్టే కిందికి వస్తే "దిగజారాడు".

అనువాదకుడు:
పదవి కోసమే వదిలేశాడండి. "గెలిచిన నెలకే ఆదర్శాలకు తిలోదకాలిచ్చాడు" అని పెడుతున్నాను.

ప్రూఫురీడర్:
"ఆదర్శాలకు" బదులు "ఆశయాలకు" అనండి. ఆదర్శం పదిమందీ చూసి నేర్చుకునేది, ఆశయం మనిషి తాను పెట్టుకునేది. సంఘం పెట్టినవాడికి ఉన్నది రెండోదే.