నీలం మంట వస్తే సారా స్వచ్ఛమైనట్టేనా?

గాజువాక_కుర్రాడు: బీఎస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. పాడేరు వైపు నుంచి మా మావయ్య ఇప్పసారా సీసా తెచ్చాడు. చెంచాలో పోసి అగ్గిపుల్ల గీస్తే నీలం మంట వచ్చింది. "మూడుసార్లు కాసిన సరుకు, కల్తీ లేదు" అన్నాడు. ఎన్నిసార్లు కాస్తే అంత స్వచ్ఛమా? అలా 100 శాతం దాకా పోవచ్చా?

రిటైర్డ్_కెమిస్ట్_సీతమ్మధార: బాబూ, ముందు ఆ సీసా పక్కన పెట్టించు. మిథనాల్ అనే విషపు ఆల్కహాల్‌కీ నీలం మంటే వస్తుంది. మంట వచ్చిందంటే ఆల్కహాల్ గాఢంగా ఉందనే అర్థం, ఏ ఆల్కహాలో అది చెప్పదు.

100 శాతం సంగతి. సారాలో మత్తెక్కించే ఆల్కహాల్, ఎథనాల్, 78.4 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీళ్లు 100 దగ్గర. కానీ బరువులో 95.6 శాతం ఎథనాల్ చేరాక ఆ మిశ్రమం 78.2 దగ్గరే మరుగుతుంది. ఆవిరిలోనూ అదే పాళ్లు, కింద మిగిలిన దానిలోనూ అదే పాళ్లు. ఇక బట్టీ ఎన్నాళ్లు మండించినా ముందుకు పోదు. దీన్నే అజియోట్రోప్ అంటారు, సిలబస్‌లో ఉంటుంది చూడు. ఆ మిగిలిన నీటిని తీయడానికి ఒకప్పుడు బెంజీన్ కలిపి కాచేవారు. నీళ్లు పోయేవి, బెంజీన్ జాడ మిగిలేది. అది క్యాన్సర్ తెచ్చే పదార్థం. లేబుల్ మీద 99 దాటిన అంకె ఉన్నా అది తాగేది కాదు. ఇప్పుడు మాలిక్యులర్ సీవ్‌లు వాడుతున్నారు, వాటి సన్నటి రంధ్రాల్లోకి నీటి అణువు దూరుతుంది, ఎథనాల్ దూరదు.

అందుకే ఎవరైనా "ప్యూర్" అంటే, దేనికి ప్యూర్ అని అడగాలి.

గాజువాక_కుర్రాడు: మిథనాల్ 64.7కే మరుగుతుంది కదా సార్, మొదట దిగింది పారబోస్తే పోతుందంటున్నాడు మావయ్య.

రిటైర్డ్_కెమిస్ట్_సీతమ్మధార: మొత్తం పోదు. నీళ్లూ ఎథనాలూ ఉన్నప్పుడు మిథనాల్ మొదటి నుంచి చివరిదాకా కొంచెం కొంచెం వస్తూనే ఉంటుంది. పులిసిన ఊటలో అది మామూలుగా తక్కువే. పెద్ద ప్రమాదాలు ఎక్కువగా ఫ్యాక్టరీ మిథనాల్ కలిపినప్పుడు జరిగాయి. సీసా ఎన్ని చేతులు మారిందో మీ మావయ్యకి తెలుసా?

క్యాజువాలిటీ_నర్స్: తాగిన వెంటనే మత్తు తప్ప ఏమీ తెలియకపోవచ్చు. మర్నాటికి చూపు మసకబారడం, కడుపునొప్పి, ఆయాసం మొదలవుతాయి. లివర్ మిథనాల్‌ని ఫార్మిక్ యాసిడ్‌గా మారుస్తుంది, కంటి నరాన్ని దెబ్బతీసేది అదే. హ్యాంగోవర్ అనుకుని మజ్జిగ తాగి పడుకోవద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకురండి. విరుగుడు మందుంది, డయాలసిస్ ఉంది, కానీ ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు.

గాజువాక_కుర్రాడు: మావయ్యకి చదివి వినిపించాను. సీసా సింక్‌లో పోసేశాడు. ఇంకొక్కటి సార్, మా ల్యాబ్‌లో బల్లలు తుడవడానికి 95 శాతం స్పిరిట్‌లో నీళ్లు కలుపుతారు. ఎందుకు?

రిటైర్డ్_కెమిస్ట్_సీతమ్మధార: సంతోషం నాయనా. క్రిముల్లోని ప్రోటీన్ దెబ్బతినాలంటే నీళ్లు కావాలి, పైగా 95 శాతం త్వరగా ఆరిపోతుంది. అందుకే 70 శాతం బాగా పనిచేస్తుంది.