అప్‌డేట్: జేజినాయన నెగటివ్‌లు విడివడినాయి (నాలుగు తప్ప)

రెండు నెలల కిందట అడిగింది నేనే. 2009 అక్టోబరు వరదలో తడిసి అతుక్కుపోయిన మా జేజినాయన నెగటివ్‌లు ఎట్లా విడదీయాలి, వాటిలో కనబడే గుడారాలు ఏ మిలిటరీ క్యాంపువి అని.

మీరు చెప్పినట్టే లాగకుండా, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టినా. ఫిల్మ్ మీద బొమ్మ ఉండే జెలటిన్ పొర ఉబ్బి చాలావరకు వాటంతటవే జారినాయి. నాలుగింటి బొమ్మ మాత్రం పక్కదానికే అంటుకుని పోయింది. వెనిగర్ వాసన కొట్టేవి వేరే డబ్బాలో పెట్టినా, ఆ ఆవిరి తగిలితే మంచివీ పాడవుతాయంట.

స్కానింగ్‌కు మొదట ఒక స్టూడియోలో ఇచ్చి తప్పు చేసినా. స్కాన్లలో ఫోటోల అంచులన్నీ కోసేసి ఇచ్చినారు! తర్వాత లైట్ ప్యాడ్ మీద పెట్టి నా కెమెరాతోనే తీసుకున్నా.

ఇంక గుడారాలు. మా అమ్మ చూసీచూడగానే నవ్వింది: "క్యాంపు కాదు నాయనా, అది సర్కారు!" 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు కట్టడాలు చాలక ఆఫీసులు గుడారాల్లోనే నడిచినాయి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయింది. అంటే ఫోటోలు ఆ మూడేళ్లలోవే.

ఒకటి పెద్దది చేసి చూస్తే గుడారం లోపల బల్ల, టైపు మిషను, కాగితాలు గాలికి ఎగరకుండా మీద ఒక గుండ్రాయి. కొండారెడ్డి బురుజు ఫోటో కంటే నాకు ఆ రాయే నచ్చింది.

ఇంకా రెండు పొట్లాలు విప్పాల్సి ఉంది. వాన తగ్గినాక చూస్తా, తేమలో ఆరవు.