ఉపవాస చికిత్సకు ముందు షుగర్ మాత్రలు ఆపాలా? తిరుపతి, చిత్తూరు సభ్యుల చర్చ

స్వర్ణముఖి:
తిరుపతిలో ఒక కరపత్రం చేతులు మారుతోంది. 11 రోజులు నిమ్మరసం, తేనె నీళ్ల మీద ఉపవాసం, షుగర్ మాత్రలు మొదటి రోజే బంద్, ఆ తర్వాత తమ చూర్ణం వాడితే షుగర్ పూర్తిగా నయం అని రాశారు. కింద ప్రకృతి వైద్యుడి పేరు, దాని ముందు డాక్టర్. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ రెండూ వేసుకునేవాళ్లు ఇలాంటి చోట చేరొచ్చా? ఆ వైద్యుడు ఏం చదివుండాలి?

నీవా ఒడ్డు:
చదువు సంగతి ముందు చెప్తాను. మన దేశంలో దీనికి ఉన్న డిగ్రీ బీఎన్‌వైఎస్, అంటే బ్యాచిలర్ ఆఫ్ నేచురోపతీ అండ్ యోగిక్ సైన్సెస్. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. అనాటమీ, ఫిజియాలజీ, పేథాలజీ చదివాకే జలచికిత్స, ఉపవాసం, ఆహారం, మర్దన, యోగా నేర్చుకుంటారు. కొన్ని నెలల సర్టిఫికెట్ కోర్సు చేసినవాళ్లు కూడా అదే బోర్డు తగిలిస్తున్నారు. గొడవంతా అక్కడే మొదలవుతోంది.

మాత్రల విషయంలో, కరపత్రం మీద కోపంతో "ఏదీ ఆపొద్దు" అని మాత్రం అనకండి. గ్లిమెపిరైడ్ క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. కడుపులో తిండి ఉన్నా లేకున్నా దాని పని అది చేసుకుపోతుంది. ఉపవాసంలో అది వేసుకుంటే షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఆ భయం చాలా తక్కువ. టైప్ 1, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారవనివాళ్ల సంగతి పూర్తిగా వేరు. వాళ్లకు ఇలాంటి ఉపవాసం పెట్టకూడదు, ఇన్సులిన్ ఒక్క రోజు కూడా మాన్పించకూడదు.

కపిలతీర్థం:
గ్లిమెపిరైడ్ ఆపాలన్నది నేనూ ఒప్పుకుంటాను. ఆపమని చెప్పాల్సింది ఎవరక్కా? 1996లో పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు, హోమియో చదివిన వ్యక్తి అల్లోపతి మందులివ్వడమే నిర్లక్ష్యం కిందికి వస్తుందని తేల్చింది. రాసే అర్హత లేనివాళ్లకు మార్చే అర్హత కూడా లేదన్నది నా వాదన. పైగా 2020లో వచ్చిన భారతీయ వైద్య విధానాల కమిషన్ చట్టం కింద ఆయుర్వేదం, యునాని, సిద్ధ, సోవా రిగ్పా (టిబెట్ వైద్యం) ఉన్నాయి, ప్రకృతి వైద్యం లేదు. తేడా వస్తే ఆ కమిషన్‌కు ఫిర్యాదు చేసే దారి కూడా లేదన్నమాట.

ఇంకో రకం షుగర్ మాత్రల గురించి ఎవరూ మాట్లాడటం లేదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లు తిండి మానేస్తే, మీటర్‌లో షుగర్ మామూలుగా కనిపిస్తూనే ఒంట్లో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు. పెద్ద ఆపరేషన్లకు 3 రోజుల ముందే ఈ మాత్రలు ఆపించేది అందుకే. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే అది ఉపవాసం పనిచేస్తున్న గుర్తు కాదు, ఆసుపత్రికి పరిగెత్తాల్సిన సమయం.

నీవా ఒడ్డు:
ఈ చివరి మాట ప్రతి కేంద్రంలోనూ గోడ మీద రాసిపెట్టాలి. ఉపవాసంలో తలనొప్పి, నీరసం వస్తే "విషాలు బయటికి పోతున్నాయి" అని చెప్పే అలవాటు ఈ రంగంలో పాతుకుపోయింది. చెమటలు, చేతుల వణుకు, గుండె దడ, మాట తడబాటు ఉంటే ముందు వేలు గుచ్చి షుగర్ చూడాలి. 70 లోపు ఉంటే 3 టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ తప్పినవాళ్ల నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు. బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటివి వేసుకునేవాళ్లలో దడ, వణుకు తెలియకుండా పోతాయి, చెమట ఒక్కటే మిగలొచ్చు. గ్లిమెపిరైడ్ ప్రభావం రోజంతా ఉంటుంది కాబట్టి ఒకసారి లేచి కూర్చున్నారని వదిలేస్తే రాత్రికి మళ్లీ పడుతుంది. తెల్లవారుజామున 3 గంటలకు కూడా మీటర్ పట్టుకుని తిరిగే మనిషి లేని చోట షుగర్ ఉన్నవాళ్లకు ఉపవాసం పెట్టకూడదు.

పాకాల జంక్షన్:
ఉపవాసం ఒక్కటే ప్రకృతి వైద్యం అన్నట్టు మాట్లాడుతున్నారు. తొట్టి స్నానం చూడండి. జర్మనీలో లూయీ కూనే ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. నీళ్లు బొడ్డు దాకా రావాలి, కాళ్లు తొట్టి బయట పొడిగా ఉండాలి, ముతక గుడ్డతో పొత్తికడుపు రుద్దుకుంటూ 10 నుంచి 20 నిమిషాలు కూర్చోవాలి. తిన్న తర్వాత కనీసం 2 గంటలు ఆగాలి. చన్నీళ్లంటే 18 డిగ్రీల లోపు. మే నెలలో తిరుపతి మిద్దె మీద ట్యాంకు నీళ్లు చేయి పెడితే చుర్రుమంటాయి. ఆ నీళ్లు తొట్టిలో నింపి చన్నీటి చికిత్స అంటే ఏం లాభం? ఐసు వేసి థర్మామీటర్ పెట్టి చూడాల్సిందే. గుండె జబ్బు ఉన్నవాళ్లకు, నెలసరిలో ఉన్నవాళ్లకు ఇది వద్దు.

మట్టి పట్టీకి 3, 4 అడుగుల లోతు మట్టి తీసి, ఎండబెట్టి, జల్లించి, రాత్రి నానబెట్టాలి. వేరుశనగ చేలో, మామిడి తోటలో పైమట్టి తేవద్దు, పురుగుమందు ఉంటుంది. పొట్ట మీద అరంగుళం నుంచి అంగుళం మందాన 20, 30 నిమిషాలు చాలు.

తిండి దగ్గర రెండు పొరపాట్లు ఎక్కువ. సొరకాయ రసం చేదుగా ఉంటే ఒక గుక్క కూడా మింగొద్దు. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే విషం, రక్తపు వాంతుల దాకా పోతుంది. అందుకే కాయ కోయగానే చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూసి ఉమ్మేయాలి. రెండోది రాగి సంగటి. షుగర్‌కు మంచిదని రెండు ముద్దలు లాగించేస్తారు. 100 గ్రాముల రాగిపిండిలో దాదాపు 70 గ్రాములు పిండిపదార్థమే. చిన్న ముద్ద, దానికి తోడు ఆకుకూర పప్పు ఎక్కువగా పెట్టుకోవాలి.

స్వర్ణముఖి:
అయితే చేరేముందు ఏం అడగాలి?

నీవా ఒడ్డు:
బీఎన్‌వైఎస్ సర్టిఫికెట్ చూపించమనండి, నిజంగా చదివినవాళ్లు నొచ్చుకోరు. క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) చూడకుండా చేర్చుకుంటుంటే వెనక్కి వచ్చేయండి. మాత్రల మార్పు మీ షుగర్ డాక్టర్ చేత కాగితం మీద రాయించుకుని వెళ్లండి. ఆ కాగితం చూసి విసుక్కునే చోట చేరొద్దు. నా మటుకు, ఇవన్నీ ఉంటే టైప్ 2 వాళ్లు నిక్షేపంగా వెళ్లొచ్చు. బరువు తగ్గి మాత్రలు తగ్గినవాళ్లు ఉన్నారు, అది దాచాల్సిన విషయం కాదు.

కపిలతీర్థం:
బరువు తగ్గితే మాత్రలు తగ్గడం నిజమే, ఒప్పుకుంటున్నాను. దానికి 11 రోజులు నీళ్ల మీద ఉండక్కర్లేదు అక్కా, ఇంట్లో తిండి తగ్గించి నడిచినా అదే జరుగుతుంది. కేంద్రంలో రాత్రిపూట ఎంబీబీఎస్ డాక్టర్ లేకపోతే గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ వాడేవాళ్లను పంపొద్దనే అంటాను. ఊరి బయట ఉంటే తిరుపతిలోని పెద్దాసుపత్రులు రుయాకో స్విమ్స్‌కో చేరడానికి ఎంతసేపు పడుతుందో కూడా లెక్క వేసుకోవాలి.

ఇక ఆ చూర్ణం. ఫలానా మందుతో షుగర్ నయమవుతుందని ప్రకటన ఇవ్వడం 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం కింద నేరం. కరపత్రం పారేయకండి. అడుగున ప్రెస్సు పేరుంటే ఆ అంచు చిరగకుండా డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో ఇచ్చి, రసీదు తీసుకోండి.